గీత పడిన డొల్ల

మనిషిని చంపడానికి సైలెన్సర్ అక్కర్లేని చోటు ఒకటుంది. నలభై మంది ఒకే వరసలో నిలబడి, ఒకే ఈలకి, పది సెకండ్లలో అయిదేసి తూటాలు పేల్చే చోటు. ఆ రెండువందల మోతల్లో ఇంకొక్కటి కలిస్తే ఎవడికి తెలుస్తుంది?

ఎవరికీ తెలియలేదు. 1956 ఆగస్టులో ఒక శనివారం, పొద్దున్న పదీ నలభైకి, ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న హాలెక్ పాయింట్ రేంజ్‌లో కాల్పులు ఆగాయి. పిస్టళ్ళు బల్లల మీద పెట్టి అందరూ తమ తమ టార్గెట్ల దగ్గరికి నడిచారు. స్కోర్లు రాసే రాల్ఫ్ డన్నవే మాత్రం రాలేదు. టార్గెట్ కాగితాలు దాచే షెడ్డు వెనక బోర్లా పడి ఉన్నాడు. వీపులో చిల్లు, చేతిలో పెన్సిలు.

గుండెపోటని మైకులో చెప్పారు. అలా చెప్పమన్నది కల్నల్ ప్రూయిట్. ఎందుకంటే స్కోర్లు రాయడం డన్నవేకి పై వేషం మాత్రమే. లోపల మనిషి మిలిటరీ ఇంటలిజెన్స్ ఏజెంట్.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంకో ఏజెంట్ దిగాడు. పేరు లాయిడ్ కెసెల్. తుపాకీ నూనె అమ్మే సేల్స్‌మన్ టోపీ, పెట్టుడు మీసం, చేతిలో సీసాల పెట్టె. గేటు దగ్గర టికెట్లు చింపేవాడు అతన్ని ఎగాదిగా చూశాడు.

"సరస్సు గాలి ఎటు?"

"కుడి నుంచి ఎడమకి. ఒక వలయం తేడా."

"మూడో ట్రైలర్," అన్నాడు టికెట్లవాడు గొంతు తగ్గించి.

ట్రైలర్‌లో కల్నల్ ప్రూయిట్ ఒక్కడే ఉన్నాడు. కాఫీ చల్లారి మీగడ కట్టింది. మనిషి మొహం కూడా దాదాపు అలాగే ఉంది.

"తుపాకీ ఏది సార్?" అడిగాడు లాయిడ్.

"నలభై అయిదు. ఇక్కడ ప్రతివాడి చేతిలోనూ అదే. నూట అరవై మందిని నిలబెట్టి, బాబూ మీలో ఎవరు చంపారని అడగనా?"

"డన్నవే ఆఖరి మాట?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు. 'సరుకు చెత్తలో పోతోంది సార్, ఏ చెత్తో రేపు చెబుతా' అన్నాడు. ఆ రేపు ఇవాళే."

సరుకంటే మైక్రోఫిల్మ్. క్లీవ్‌లాండ్‌లో ఒక ఫ్యాక్టరీ తయారు చేస్తున్న రాకెట్ ఇంజన్ నక్షాలు. ఆ వేసవిలో అయిదు ముక్కలు అవతలి దేశం చేరిపోయాయి. ఆరోది చేరితే బొమ్మ పూర్తవుతుంది. ఆ ముఠాలో మనవైపు మనిషి ఒకరున్నారు. కోడ్ పేరు బ్లూ జే.

"బ్లూ జే ఏమంటున్నారు?"

"సరుకు రేపు పొద్దున రైల్లో పోతుందట. స్టేషన్లో పదిమందిని పెట్టాను. ఇదిగో, ఇది శవం పక్కన గడ్డిలో దొరికింది. లాబ్‌కి పంపితే మంగళవారం దాకా ఆగాలి." కల్నల్ ఒక కవరు బల్ల మీద బోర్లించాడు. డన్నవే పెన్సిలు, పేలిపోయిన తూటా డొల్ల ఒకటి పడ్డాయి. డొల్ల ఇత్తడిది కాదు, ఉక్కుది. అడుగున 43 అని అంకె. యుద్ధకాలంలో ఇత్తడికి కరువొచ్చి ఉక్కుతో చేసిన రకం.

లాయిడ్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

డొల్ల ఒంటి మీద, నోటి నుంచి అడుగుదాకా, సన్నటి నిలువు గీత ఒకటుంది. ఆ గీతని అతను పదేళ్ళుగా ఎరుగును. అది అతను గీసిందే.

పేలిన డొల్ల ఉబ్బుతుంది. మళ్ళీ మందు నింపాలంటే ముందు దాన్ని అచ్చులోకి నొక్కి సైజుకి తేవాలి. ఇత్తడి మెత్తన, అచ్చుని ఏమీ చెయ్యదు. ఉక్కు అలా కాదు. ఇసుక రేణువొకటి అంటుకుని ఉంటే చాలు, అచ్చు లోపల గీత పడుతుంది. ఇక ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి డొల్లకీ అదే గీత, వేలిముద్రలాగా. అందుకే బుద్ధున్నవాడెవడూ ఉక్కు డొల్లల జోలికి పోడు. ఇత్తడివి ఏరుకుంటాడు, ఉక్కువి వదిలేస్తాడు. యుద్ధం నుంచి వచ్చిన కొత్తలో, గురువు గస్ హెల్మర్ షెడ్డులో తూటాలు నింపడం నేర్చుకుంటూ, లాయిడ్ ఒక డొల్లని తుడవకుండా అచ్చులో పెట్టి నొక్కేశాడు. కీచుమంది. గస్ తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. కొత్త అచ్చు కొనిస్తానంటే మాత్రం ముసలాయన ఒప్పుకోలేదు. "ఉక్కు ఏరుకునేవాడు కొత్త అచ్చు కొంటాడట్రా గాడిదా?" అన్నాడు.

ఆ అచ్చు గస్‌ది. అంటే డన్నవేని చంపిన తూటా గస్ బల్ల మీద తయారైంది.

"ఏమైనా తెలిసిందా?" అన్నాడు కల్నల్.

"రెండు గంటలు టైమివ్వండి సార్," అన్నాడు లాయిడ్. డొల్లా పెన్సిలూ జేబులో వేసుకున్నాడు. గీత సంగతి చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక పైవాడి దగ్గర ఒక మాట దాచడం అదే మొదటిసారి.

గస్ ప్రతి పోటీకీ తన పాత స్టేషన్ వాగన్‌ని అదే మేపుల్ చెట్టు కింద నిలుపుతాడు. వెనక తలుపు దించి, దాని మీద డొల్లలు నొక్కే ప్రెస్సు బిగిస్తాడు. పక్కన ఒక బకెట్. అటువైపు వెళ్ళే ప్రతివాడూ తనకి పనికిరాని ఉక్కు డొల్లల్ని ఆ బకెట్‌లోకి విసిరి, "ఇవిగో గస్, నీ నిధి!" అని ఎగతాళి చేసి పోతాడు. ఇరవైమంది విసిరితే ఇరవైమందినీ గస్ బూతులు తిడతాడు. అదొక ఆచారం అక్కడ.

లాయిడ్ వెళ్ళేసరికి ముసలాయన గుప్పెడు డొల్లలు అరచేతుల్లో పోసుకుని, చెవి దగ్గర గలగలలాడిస్తున్నాడు.

"నమస్తే సార్. మంచి తుపాకీ నూనె చూపించమంటారా?"

"ఆ మీసం పీకి మాట్లాడరా. చూడలేక చస్తున్నాను," అన్నాడు గస్ ఒక్క చూపు చూసి. "గొంతు మార్చావు గానీ నడక మార్చావా? ఎడమకాలు ఇంకా ఈడుస్తూనే ఉన్నావు."

లాయిడ్ మీసం పీకేశాడు. డిపార్టుమెంటు వాళ్ళకి దాన్ని అంటించడానికి ముప్పావుగంట పట్టింది.

"సర్కారు పనిమీద వచ్చావు కదూ?"

"అలాంటిదే మాస్టారూ."

"స్కోర్లు రాసే కుర్రాడు పోయాడు, తెలుసా? రోజూ నాకు కాఫీ తెచ్చేవాడు. నా సాసేజి ముక్క సగం తినేవాడు. ముప్పై అయిదేళ్ళకి గుండెపోటేమిట్రా, అన్యాయం కాకపోతే?"

గస్ గుప్పిట్లోంచి ఒక డొల్ల తీసి దూరంగా గిరాటేశాడు. "చిట్లింది. విన్నావా?"

"వినబడలేదు మాస్టారూ." అబద్ధం కాదు. పదిహేనేళ్ళ కాల్పులు అతని చెవుల్ని తినేశాయి. పగలూ రాత్రీ లోపల ఒక కీచురాయి మోగుతుంది. చెవిలో దూది పెట్టుకోరా అని ఈ ముసలాయన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. విన్నదెవరు?

గస్ విన్నాడు. డెబ్భై ఏళ్ళొచ్చినా ఆ చెవులు పసిపిల్లాడి చెవులే. మంచి డొల్ల గంటలా మోగుతుంది. కంటికి కనబడని చీలిక ఉన్నా చచ్చిన చప్పుడొస్తుంది. అది వినబడగానే గస్ ఎడమకన్ను దానంతటదే మూసుకుంటుంది. వినకుండా ఏ డొల్లనీ చెయ్యి దాటనివ్వడు.

లాయిడ్ జేబులోంచి డొల్ల తీసి చూపించాడు. "ఈ మధ్య ఉక్కు తూటాలు ఎవరికైనా ఇచ్చారా?"

"నేను ఉక్కువి అమ్మనని తెలుసుగా. కొరిన్ తన తూటాలు అయిపోయాయంటే ఒక పెట్టె ఊరికే ఇచ్చాను. ఏం?"

కొరిన్ మర్శాన్ సరస్సు అవతల, కెనడాలోని విండ్సర్ నుంచి వస్తుంది. ఎర్ర స్కార్ఫు, నల్లకళ్ళద్దాలు, గురి తప్పని చెయ్యి. ఆమె వరసలోకి వస్తే మగాళ్ళ సగం గుళ్ళు టార్గెట్ దాటిపోతాయని రేంజ్‌లో ఒక నవ్వు.

లాయిడ్ కళ్ళు బకెట్ మీద పడ్డాయి. అడుగున పదో పదిహేనో డొల్లలు. శనివారం మధ్యాహ్నానికి అది పొర్లిపోవాలి.

"బకెట్ ఖాళీగా ఉందేం?"

"కొరిన్ ఇందాకే పట్టుకెళ్ళింది, మూడున్నర ఓడకి పోవాలంటూ. వాళ్ళ క్లబ్బులో ఎవరో ఉక్కు నింపుతారట. వేసవంతా తీసుకుపోతూనే ఉంది."

చెత్త. సరుకు చెత్తలో పోతోంది. ఫ్యాక్టరీ మనిషి అందరితోపాటు వచ్చి, అందరి ముందూ నవ్వుతూ, ఫిల్మ్ దాచిన డొల్లని బకెట్‌లో పడేస్తాడు. ఆవిడ వచ్చి బకెట్టంతా తీసుకుపోతుంది. వెయ్యి చెత్తముక్కల్లో ఒక్కటి. ఏ కస్టమ్స్ వాడు చూస్తాడు?

మరుక్షణం అంతకన్నా పాడు ఆలోచన వచ్చింది. లోపల మైనం, ఫిల్మ్ ఉన్న డొల్ల గంటలా మోగదు. గస్ వినకుండా దేన్నీ చెయ్యి దాటనివ్వడు.

"మాస్టారూ. ఈ వేసవిలో చచ్చిన చప్పుడు చేసిన డొల్ల ఏదైనా తగిలిందా? చిట్లకుండానే?"

"లేదు," అన్నాడు గస్. మరీ తొందరగా అన్నాడు.

వాగన్ డాష్‌బోర్డు మీద మూడు ఉత్తరాలున్నాయి. పై కవరు మూల మార్తా పేరు. మార్తా గస్ చెల్లెలు, తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఉండిపోయింది. యుద్ధం అయిన పదకొండేళ్ళలో ఆవిడ దగ్గరనుంచి ఒక్క అక్షరం రాలేదు. ఇప్పుడు మూడు ఉత్తరాలు, ఒక్క కవరు మీదా పోస్టల్ ముద్ర లేదు. ఎవరో చేతికిచ్చారు.

అడగాల్సిందేమీ మిగల్లేదు. "నాతో రండి. నాకు మీ చెవి కావాలి," అన్నాడు లాయిడ్. గస్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత వచ్చి కారెక్కాడు.

దారిలో హాట్‌డాగ్ కొట్టు దగ్గర ఆపి లాయిడ్ కల్నల్‌కి ఫోన్ చేశాడు.

"కొరిన్ మర్శానా? నీకు మతి పోయిందా? ఆమే బ్లూ జే! మన మనిషి!"

"మన మనిషీ, వాళ్ళ మనిషీనీ సార్. మీ పదిమందినీ స్టేషన్లో కూర్చోబెట్టి, ఆవిడ మూడున్నర ఓడెక్కుతోంది."

కల్నల్ గొంతు తగ్గించాడు. "పది నిమిషాలు. కాగితాలు చూస్తున్నట్టు నటించు. అది కెనడా ఓడ, ఆపే హక్కు మనకి లేదు. ఋజువు దొరక్కపోతే రేపటినుంచి నువ్వు నిజంగానే నూనె అమ్ముకోవాలి."

రేవులో కొరిన్ కస్టమ్స్ బల్ల దగ్గర నిలబడి ఉంది. ఎర్ర స్కార్ఫు గాలికి ఎగురుతోంది. బల్ల మీద ఆకుపచ్చ రేకుపెట్టె, నిండా ఉక్కు డొల్లలు.

"ఏజెంట్ కెసెల్," అంది నవ్వుతూ. "మీసం బావుందన్నారే, తీసేశారా?"

"పెట్టె చూడాలి మేడమ్."

"చూడండి. ఎనిమిదివందలో ఎంతో ఉంటాయి. ఒక్కొక్కటీ చూస్తారా? నా ఓడ ఆగదు మరి."

డిపార్టుమెంటు ఇచ్చిన సామాను అంతా లాయిడ్ జేబుల్లో ఉంది. కెమెరా ఉన్న సిగరెట్ లైటర్, అయస్కాంతం ఉన్న పెన్ను. అన్నీ ఉక్కే అయిన పెట్టెలో అయస్కాంతం ఏం చేసుకోను? అతను గస్ వైపు చూశాడు. ముసలాయన చెవుల్లోంచి దూది తీసి, పెట్టె ముందు కూర్చుని, మొదటి గుప్పెడు తీశాడు.

గలగల. కింద పోశాడు. ఇంకో గుప్పెడు. గలగల. నీళ్ళ మోత, కొంగల అరుపులు, ఓడ ఇంజను దడదడ. లాయిడ్‌కి తన చెవుల్లో కీచురాయి తప్ప ఏమీ వినబడటం లేదు. చేసేది లేక గస్ ఎడమకన్నునే చూస్తూ నిలబడ్డాడు.

నాలుగు నిమిషాలయ్యాయి. అయిదు.

"మార్తా ఒంట్లో ఎలా ఉంది, గస్?" కొరిన్ చాలా ఆప్యాయంగా అడిగింది. "లైప్‌జిగ్‌లో ఈసారి చలి ఎక్కువుంటుందట. ముసలివాళ్ళు జాగ్రత్తగా ఉండాలి పాపం."

గస్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ గలగల.

ఏడో నిమిషంలో ఎడమకన్ను మూసుకుంది.

మూసుకుని తెరుచుకుంది, అంతే. గస్ ఆ గుప్పెడు కూడా మిగతావాటి మీద పోసేశాడు. ఇంకో గుప్పెడు తీశాడు. లాయిడ్ చూశాడు. చూసినట్టు తెలియనివ్వలేదు. ఆ గుప్పెడు కుప్పలో కలిసిపోయింది. అందులో ఏదో ముసలాయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ముసలాయన మెడమీద ఒక కత్తి పెట్టి ఉంది, ఆ కత్తి అంచు లైప్‌జిగ్‌లో ఉంది.

ఆఖరి గుప్పెడు కింద పోసి, "ఏమీ లేదు," అన్నాడు గస్. లాయిడ్ కళ్ళలోకి చూడలేదు.

ఓడ మొదటి కూత పెట్టింది. కొరిన్ డొల్లల్ని పెట్టెలోకి తోసుకోసాగింది. కస్టమ్స్ ఆఫీసరు లాయిడ్ వైపు చూసి భుజాలెగరేశాడు.

లాయిడ్ జేబులోంచి డొల్ల తీసి గస్ ముందు నిలబెట్టాడు. గీత ఉన్నవైపు ఆయనకి కనబడేలా తిప్పాడు.

"మాస్టారూ, డన్నవే గుండెపోటుతో పోలేదు. వీపులో కాల్చారు. ఇది ఆ పక్కన గడ్డిలో దొరికింది."

గస్ ఆ గీతని చూశాడు. వేలితో తడిమాడు.

"కాఫీ తెచ్చే కుర్రాడా?"

"అవును."

"నా తూటాతోనా?"

లాయిడ్ తలూపాడు. ఆ మాట ఇంతకుముందే చెప్పి ఉండాల్సిందని అప్పుడు అనిపించింది. రహస్యం, రహస్యం అని దాచుకుని ఏం బావుకున్నాడు?

ఓడ రెండో కూత. కొరిన్ పెట్టె మూత వేసింది. "ఇక నే వస్తాను," అంటూ పిడి పట్టుకుంది.

"ఆగు," అన్నాడు గస్.

లేచి పెట్టె లాక్కున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషికి అంత బలం ఎక్కడిదో. మొత్తం బల్లమీద బోర్లించి, రెండు చేతులతో కుప్పలోకి దిగాడు. గుప్పెడు తీశాడు, కాదు. ఇంకోటి, కాదు. మూడోసారి గలగలలాడించగానే ఎడమకన్ను గట్టిగా మూసుకుంది. ఒక్కొక్కటే బల్లమీద వదిలాడు. టింగ్. టింగ్. టింగ్. టప్.

"ఇదిరా," అన్నాడు. కన్ను ఇంకా తెరవలేదు. దాని కిందనుంచి నీరు కారుతోంది.

రేవులో తాళ్ళు విప్పుతున్నారు. లాయిడ్ డన్నవే పెన్సిలు తీసి, దాని మొనతో డొల్ల లోపల గీరాడు. నల్లటి మైనం రాలింది. వెనకే గోరంత వెడల్పున చుట్టిన ఫిల్మ్.

కొరిన్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. లాయిడ్ చెయ్యి అప్పటికే ఆ మణికట్టు మీద ఉంది. పిస్టల్ కింద పడి దొర్లింది. ఓడ మూడో కూత పెట్టి ఆమె లేకుండానే కదిలింది.

"ఒక్క డొల్ల," అన్నాడు లాయిడ్ బేడీలు వేస్తూ. "ఇత్తడిదైతే వంగి ఏరుకునేదానివి కదూ?"

కొరిన్ ఓడ వైపే చూస్తోంది. "ఉక్కుది ఎవరు ఏరుకుంటారు?" అంది విసుగ్గా. "పన్నెండేళ్ళ అలవాటు. చెయ్యి దానివైపు పోనే పోలేదు."

సాయంత్రం అయిదుకల్లా ఫ్యాక్టరీ మనిషి కూడా దొరికాడు. నక్షాలు గీసే గుమాస్తా, పోటీదారుల్లో నూట పన్నెండో నంబరు. పట్టుకోవడానికి వెళ్ళినప్పుడు ఐస్‌క్రీం తింటున్నాడు.

గస్‌ని కల్నల్ కారు వెనకసీట్లో కూర్చోబెట్టారు. లాయిడ్ తలుపు దగ్గర వంగి, "ఎప్పటినుంచి తెలుసు?" అనడిగాడు.

"జూన్ నుంచి. మొదటిది విన్నాను. గీరి చూశాను. అడుగుదామని వెళ్తే ఆవిడ మార్తా ఉత్తరం చేతిలో పెట్టింది. బతికే ఉందిరా లాయిడ్. పదకొండేళ్ళు దానికోసం కొవ్వొత్తి వెలిగించాను, అది బతికే ఉంది. నేనేం చెయ్యను?" ముసలాయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఫిల్మే కదా, ఎవడి కొంప మునుగుతుందనుకున్నాను. ఆ కుర్రాడికి పిల్లలున్నారా?"

"ఇద్దరు."

గస్ తలూపాడు. "రాసుకో. నాకు తెలుసని రాసుకో. నాకోసం ఒక్క అక్షరం కూడా దాచకు."

"మార్తా..."

"దాన్ని నేనే చంపుకున్నాను కదరా ఇవాళ. ఇక ఉత్తరాలు రావు." కాసేపు కిటికీలోంచి సరస్సు మీద కమ్ముకొస్తున్న మబ్బు వైపు చూశాడు. తర్వాత మామూలు గొంతుతో ఇంకో మాట చెప్పాడు. లాయిడ్ సరేనన్నాడు.

కారు వెళ్ళిపోయాక లాయిడ్ మేపుల్ చెట్టు కిందికి ఒక్కడే నడిచాడు. పని ముగించుకుని మళ్ళీ ట్రైలర్‌కి వచ్చాడు. కల్నల్ రిపోర్టు కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ముసలాయన జైలుకి పోతాడు. తప్పించడం నావల్ల కాదు," అన్నాడు కల్నల్.

"తప్పించమని ఆయనా అడగలేదు సార్."

"కారెక్కాక నీతో ఏదో అన్నాడట. ఏమిటది? లాయరు కావాలన్నాడా?"

"లేదు సార్. బకెట్ మీద మూత పెట్టమన్నాడు. వానొస్తే ఉక్కు తుప్పు పడుతుందట."